గర్భిణికి తుంటి నరం నొప్పి: ఉపశమనానికి సురక్షితమైన దారులు

నడుము దిగువన మొదలై, పిరుదు లోపలి నుంచి తొడ వెనకగా పిక్కకూ పాదానికీ జివ్వుమని పాకే నొప్పిని వైద్యులు సయాటికా అంటారు. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి వైపు తెలుగు ఇళ్ళలో దీన్నే నరం పట్టేసిందనీ, కాలు లాగుతోందనీ, వాయువు చేరిందనీ చెప్పుకుంటారు. ఐదో నెల దాటాక చాలామంది గర్భిణులకు ఈ తరహా నొప్పి మొదలవుతుంది. కాన్పయితే అదే పోతుందిలే అని పళ్ళ బిగువున ఓర్చుకోవాల్సిన పని లేదు. మందుల షాపులో అడిగి బిళ్ళ తెచ్చుకోవడం, నరం లాగించుకోవడం మాత్రం బిడ్డకూ తల్లికీ ప్రమాదం. పడుకునే తీరు, లేచే తీరు, పని చేసే తీరు మార్చుకుంటే ఈ నొప్పి చాలావరకు అదుపులోకి వస్తుంది. దేన్ని ఇంట్లో తగ్గించుకోవచ్చో, దేనికి ఆస్పత్రికి పరుగెత్తాలో తెలిసి ఉండటం అన్నిటికన్నా ముఖ్యం.

నొప్పి ఎందుకు వస్తుంది

శరీరంలోకెల్లా లావైన, పొడవైన నరం తుంటి నరమే. నడుము కింది భాగం నుంచీ త్రికాస్థి నుంచీ బయటికి వచ్చే ఐదు నరాల మూలాలు కలిసి ఇది ఏర్పడుతుంది. పిరుదు లోతుల్లో ఉండే పిరిఫార్మిస్ అనే కండరం కిందుగా బయటికి వచ్చి, తొడ వెనకగా దిగి, మోకాలికి కాస్త పైన రెండు పాయలై పాదం దాకా వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ ఒత్తిడి పడినా, ఎక్కడ వాపు వచ్చినా నొప్పి కాలి పొడుగునా తెలుస్తుంది.

గర్భంతో ఉన్నప్పుడు ఆ ఒత్తిడికి కారణాలు కొన్ని తోడవుతాయి. రిలాక్సిన్ వంటి హార్మోన్ల వల్ల కటి ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు వదులవుతాయి. కాన్పుకు శరీరం చేసుకునే సన్నాహమే ఇది. కానీ కీళ్ళు వదులైన కొద్దీ వాటిని నిలబెట్టే భారం చుట్టూ ఉన్న కండరాల మీద పడుతుంది. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ బరువు ముందుకు జరిగి, దాన్ని సరిదిద్దడానికి నడుము లోపలికి వంగుతుంది. నెలలు నిండేసరికి సాధారణంగా 10 నుంచి 12 కిలోల బరువు పెరుగుతుంది. పిరిఫార్మిస్ కండరం అలసి బిగుసుకుంటే పక్కనే ఉన్న నరాన్ని నొక్కుతుంది. చివరి నెలల్లో బిడ్డ తల కటిలోకి దిగినప్పుడు కూడా కొందరికి నొప్పి పెరుగుతుంది.

వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కే అసలైన సయాటికా గర్భిణుల్లో చాలా అరుదు. సుమారు పది వేల గర్భాల్లో ఒకరికి వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. సగం మందికి పైగా గర్భిణులను వేధించే నడుం నొప్పిలో ఎక్కువ భాగం కీళ్ళూ కండరాలూ అలసినందువల్ల వచ్చేదే. కాబట్టి కాలు లాగగానే నరం చెడిపోయిందని బెంబేలు పడనక్కర్లేదు. అలసిన కండరానికి విశ్రాంతినీ, వదులైన కీలుకు ఆసరానూ ఇవ్వడమే చికిత్సలో ప్రధాన భాగం.

ఏ నొప్పి ఏది

నడుము కింద, వెన్నుకు రెండు పక్కలా సొట్టలు పడే చోట నొప్పి పుట్టి, పిరుదుకు పాకి, మోకాలు దాటకుండా ఆగిపోతే అది కటి కీళ్ళ నొప్పి అయి ఉండవచ్చు. పక్కకు ఒత్తిగిలినప్పుడు, మెట్లెక్కినప్పుడు, ఒంటికాలి మీద నిలబడి లంగా తొడుక్కున్నప్పుడు ఇది ఎక్కువవుతుంది. నొప్పి మోకాలు దాటి పిక్కకో పాదానికో దిగి, కరెంటు కొట్టినట్టు ఉండి, తిమ్మిరీ సూదులు గుచ్చినట్టుండటమూ తోడైతే అది నరం నొప్పి. రాత్రి నిద్రలో పిక్క గట్టిగా ముడుచుకుపోయి కాసేపటికి వదిలేస్తే అది ఉట్టి కండరాల తిమ్మిరి. పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే తగ్గుతుంది.

చిక్కబళ్ళాపురం జిల్లాలో మరో కారణాన్నీ గమనించాలి. బాగేపల్లి, గౌరిబిదనూరు తాలూకాలలో చాలా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని మించి ఉంటుంది. ఏళ్ళ తరబడి అలాంటి నీళ్ళు తాగినవారికి ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ రావచ్చు. గర్భానికి ముందునుంచే నడుమూ మెడా పట్టేసి ఉన్న మహిళ ఆ సంగతినీ, ఇంట్లో తాగేది బోరు నీళ్ళా, ఫిల్టరు నీళ్ళా అన్న సంగతినీ డాక్టరుకు తప్పక చెప్పాలి. తాగడానికీ వంటకూ ఫ్లోరైడు తీసేసిన నీళ్ళే వాడాలి.

వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సిన లక్షణాలు

కింది లక్షణాల్లో ఏది కనిపించినా ఇంటి వైద్యంతో పొద్దు గడపకూడదు. ఇవి రాత్రి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకూడదు.

మూత్రం ఆగిపోవడం, తెలియకుండా మూత్రమో మలమో పోవడం, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం నరాల మీద తీవ్రమైన ఒత్తిడికి గుర్తు. పాదం పైకి ఎత్తలేక నేలకు ఈడ్చుకుపోతున్నా, రెండు కాళ్ళలోనూ బలం తగ్గుతున్నా అంతే. ఇటువంటప్పుడు గంటల్లో చికిత్స అందకపోతే నష్టం శాశ్వతం కావచ్చు.

ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి పిక్క నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. గర్భిణుల్లో ఇది ఎడమ కాలికి ఎక్కువగా వస్తుంది. ఆ కాలిని నలపకూడదు, మర్దన చేయకూడదు. ఆయాసమో గుండెలో నొప్పో తోడైతే 108కి ఫోన్ చేయాలి.

37 వారాలు నిండకముందే నడుం నొప్పి అలలు అలలుగా వచ్చి పోతున్నా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా అవి నెలలు నిండని కాన్పు నొప్పులు కావచ్చు. చలి జ్వరం, మూత్రంలో మంట, డొక్కలో నొప్పి కలిసి వస్తే మూత్రపిండాలకు ఇన్‌ఫెక్షన్ సోకి ఉండవచ్చు. పడిపోయిన తర్వాత మొదలైన నొప్పినీ, బిడ్డ కదలిక తగ్గడాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.

పడుకోవడం, లేవడం

రాత్రి నిద్ర సరిగా ఉంటే పగటి నొప్పి సగం తగ్గినట్టే. పక్కకు తిరిగి పడుకుని, రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. ఆ దిండు మోకాళ్ళ దగ్గరే ఆగిపోకుండా చీలమండల దాకా ఉండాలి. లేకపోతే పై కాలు ముందుకు వాలి తుంటి మెలితిరుగుతుంది. పాత చీరను నాలుగు మడతలు వేసి పొట్ట కింద ఆసరాగా పెట్టుకోవచ్చు. ఒక పక్కే నొప్పి ఉంటే ఆ పక్క పైకి వచ్చేలా పడుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రపోకూడదు. గర్భాశయం బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బిడ్డకు రక్తం తగ్గుతుంది. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నట్టు గమనిస్తే కంగారు పడకుండా మళ్ళీ పక్కకు తిరిగితే సరిపోతుంది.

నొప్పి ఎక్కువగా పొడిచేది మంచం మీద నుంచి లేచేటప్పుడే. తిన్నగా లేచి కూర్చోకూడదు. ముందు మోకాళ్ళు రెండూ మడిచి దగ్గరకు చేర్చాలి. భుజాలూ నడుమూ మోకాళ్ళూ విడిపోకుండా ఒక్కసారిగా పక్కకు ఒత్తిగిలాలి. కాళ్ళను మంచం అంచు దాటించి కిందికి వదులుతూ, అదే సమయంలో పై చేతిని పరుపు మీద ఊని ఒంటిని లేపాలి. లేచి కూర్చున్నాక రెండు మూడు ఊపిరులు తీసుకుని, పాదాలు రెండూ నేల మీద ఆనించి, తొడల మీద చేతులు పెట్టి నిలబడాలి. నేల మీద చాప పరుచుకుని పడుకునే అలవాటు ఉంటే ఆరో నెల నుంచి మంచానికి మారడం మంచిది. అంత కిందనుంచి లేవడమే నడుముకు పెద్ద శ్రమ.

ఇంటి పని, పొలం పని, ఫ్యాక్టరీ పని

ఈ ప్రాంతంలో గర్భిణి నడుముకు అన్నిటికన్నా బరువైన పని నీళ్ళు మోయడం. ఫిల్టరు నీళ్ళ క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. దాన్ని గానీ నిండు బిందెను గానీ ఒక పక్క నడుము మీద పెట్టుకుని నడిస్తే కటి ఆ పక్కకు ఒరిగి నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉన్నవారు ఈ పనిని పూర్తిగా ఇంట్లో మరొకరికి అప్పగించాలి. తప్పనప్పుడు రెండు చేతులా రెండు చిన్న పాత్రలు, సగమే నింపి తెచ్చుకోవచ్చు.

రాగి సంగటి గెలకడానికి కూడా నడుము బలం కావాలి. కింద కూర్చుని, గిన్నెను కాళ్ళతో అదిమి పట్టి తెడ్డుతో గెలికితే వెన్ను మెలితిరుగుతుంది. పొయ్యిని నడుము ఎత్తున ఉంచుకుని, ఒక కాలు ముందుకు వేసి నిలబడి, ఒంటిని మెలితిప్పకుండా గెలకాలి. గట్టిపడ్డాక చివరి గెలుకుడు ఇంట్లో మరొకరు చేయాలి. బట్టలు ఉతకడం, గిన్నెలు తోమడం వంటివి వంగి కాకుండా ఎత్తైన అరుగు మీద చేసుకోవాలి. కింద ఉన్న వస్తువును తీయాల్సి వస్తే నడుము వంచకుండా మోకాళ్ళు మడిచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. ఇల్లు ఊడవడానికి, తుడవడానికి పొడుగు కర్ర ఉన్న చీపురూ మాపూ వాడాలి.

టమోటా తోటలో కాయలు కోయడం, వేరుశనగ పీకడం, పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయడం అన్నీ వంగి చేసే పనులే. చింతామణి, శిడ్లఘట్ట వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో కింది అరల పురుగులకు ఆకు వేసే బాధ్యత గర్భిణికి ఇవ్వకుండా, నడుము ఎత్తు అరలు మాత్రం అప్పగించవచ్చు. పొలం పని అరగంట చేశాక రెండు నిమిషాలు నిటారుగా నడవాలి. పాలు పిండేవారు ఎత్తైన పీట మీద కూర్చోవాలి.

గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ ముందు కూర్చునేవారు నడుము వెనక చిన్న దిండో చుట్టిన తువ్వాలో పెట్టుకోవాలి. మోకాళ్ళు తుంటి కన్నా పైకి లేవకుండా కుర్చీ ఎత్తు ఉండాలి. ముప్పావు గంటకు ఒకసారైనా లేవాలి. కాలు మీద కాలు వేసుకుని కూర్చోకూడదు. నిలబడి పనిచేసేవారు ఒక పాదాన్ని చిన్న పీట మీద పెట్టి, కాళ్ళు మార్చుకుంటూ ఉండాలి. కాన్పు తేదీకి ఆరు వారాల ముందున్న నెలలో గర్భిణి అడిగితే ఎక్కువసేపు నిలబడే పనీ కష్టమైన పనీ ఆమెకు చెప్పకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు 2017 నుంచి ఉంది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నొప్పి ఎక్కువగా ఉన్నవారు డాక్టరు చీటీతో పని మార్పు అడగవచ్చు.

బైకు మీద ఒక పక్కకు కూర్చుని వెళ్తే గుంతలు పడ్డ ప్రతిసారీ మెలితిరిగిన కటి మీద దెబ్బ పడుతుంది. ప్రయాణం తప్పనిసరైతే బస్సో రైలో మేలు. బస్సులో వెనక చక్రాల మీది సీట్లు వదిలేసి మధ్యలో కూర్చోవాలి.

సురక్షితమైన వ్యాయామాలు

వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, రక్తపోటు ఎక్కువగా ఉండటం, నెలలు నిండని కాన్పు ప్రమాదం ఉన్నవారు అనుమతి లేకుండా చేయకూడదు. వ్యాయామంలో నొప్పి కాలి నుంచి పైకి, నడుము వైపు తగ్గుతూ వస్తే మంచి గుర్తు. కిందికి, పాదం వైపు పాకితే వెంటనే ఆపేయాలి.

మొదటిది వీపు ఎత్తి దించడం. దుప్పటి మడత మీద మోకాళ్ళూ అరచేతులూ ఆనించాలి. మోకాళ్ళు తుంటి కిందా, చేతులు భుజాల కిందా ఉండాలి. ఊపిరి వదులుతూ పొట్టను నెమ్మదిగా లోపలికి లాక్కుని వీపును పైకి గుండ్రంగా ఎత్తాలి. ఊపిరి తీసుకుంటూ వీపును సమంగా తెచ్చుకోవాలి. నడుమును కిందికి వేలాడనివ్వకూడదు. ఎనిమిది నుంచి పదిసార్లు, రోజుకు రెండుసార్లు చేస్తే చాలు. బిడ్డ బరువు ముందుకు వాలడం వల్ల ఆ కాసేపైనా వెన్నుకు ఊరట దొరుకుతుంది.

రెండోది పిరుదు కండరాన్ని సాగదీయడం. గట్టి కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో మోకాలి మీద పెట్టాలి. వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే కొద్దిగా ముందుకు వంగాలి. పిరుదులో తీయగా లాగుతున్నట్టు తెలిసినప్పుడు ఆగి, 20 నుంచి 30 సెకన్లు ఉండి వదలాలి. మూడుసార్లు చాలు. కటి ముందు ఎముక దగ్గర నొప్పి ఉన్నవారు దీన్ని చేయకూడదు.

మూడోది గోడకు ఆనుకుని నిలబడి, పాదాలను గోడకు అడుగు దూరంలో పెట్టి, ఊపిరి వదులుతూ నడుము వంపును గోడకు నెమ్మదిగా అదమడం. ఐదు సెకన్లు ఉంచి వదలాలి. పదిసార్లు చేయాలి.

వీటితో పాటు సమమైన నేల మీద రోజూ ఇరవై, ముప్పై నిమిషాల నడక మంచిది. నొప్పి పెరిగితే పది నిమిషాల చొప్పున విడగొట్టుకోవచ్చు. కాళ్ళు చాపి మోకాళ్ళు మడవకుండా ముందుకు వంగి పాదాలు పట్టుకునే ఆసనం నరాన్ని లాగుతుంది. మెలితిప్పే ఆసనాలూ, బోర్లా పడుకుని చేసేవీ మానాలి.

కాపడం, బెల్టు, మర్దన

గోరువెచ్చటి కాపడం బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. వేడినీళ్ళ సంచినో, వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలునో మరో గుడ్డలో చుట్టి పిరుదు మీద, నడుము మీద 10 నుంచి 15 నిమిషాలు ఉంచవచ్చు. ముంజేతి లోపలి వైపు పెట్టి చూస్తే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. పొట్ట మీద వేడి పెట్టకూడదు. ఒళ్ళంతా చెమటలు పట్టేంత వేడినీళ్ళ తొట్టిలో కూర్చోకూడదు. కాలు తిమ్మిరిగా ఉన్నచోట వేడి తెలియక కాలవచ్చు. అక్కడ కాపడం వద్దు. కొందరికి చల్లటిది బాగా పనిచేస్తుంది. మంచు గడ్డలను గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టాలి.

గర్భిణుల కోసం తయారైన బెల్టు కటి కీళ్ళకు ఆసరా ఇస్తుంది. పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీదుగా కట్టుకోవాలి. పొట్టను నొక్కకూడదు. నడిచేటప్పుడూ పనిచేసేటప్పుడూ పెట్టుకుని, పడుకున్నప్పుడు తీసేయాలి.

తేలికపాటి చేత్తో, గోరువెచ్చటి నూనె రాసి నడుమూ పిరుదూ నిమిరితే ఇబ్బంది లేదు. కానీ మంత్రసాని గానీ మరొకరు గానీ నరం తీస్తామని కాలు పట్టి గుంజడం, వెన్ను విరవడం, చిన్నపిల్లలతో నడుము తొక్కించుకోవడం, వాతలు పెట్టించుకోవడం వదులైన కీళ్ళను దెబ్బతీస్తాయి. మంత్రసానుల మీద ఈ ప్రాంతపు నమ్మకం ఊరికే వచ్చింది కాదు. పొరుగునే ఉన్న పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మ వేల కాన్పులు చేసి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. కాన్పు చేసే నేర్పు వేరు, నరాలు లాగే పని వేరు. మొదటిదానికి గౌరవం ఇస్తూనే రెండోదాన్ని వద్దనాలి.

మందులు

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు గర్భిణి సొంతంగా వాడకూడదు. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చు. 30 వారాలు దాటాక బిడ్డ గుండె దగ్గర కాన్పు దాకా తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది. పేర్లు వేరైనా నొప్పికీ జ్వరానికీ ఇచ్చే చాలా బిళ్ళల్లో ఇవి పారాసెటమాల్‌తో కలిసి ఉంటాయి. ఊళ్ళో వేసే నొప్పి ఇంజెక్షన్ తరచుగా డైక్లోఫెనాకే. నొప్పి తగ్గించే జెల్‌లలోనూ అదే మందు ఉండవచ్చు కనుక డాక్టరును అడిగే రాయాలి. అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు ఉట్టి పారాసెటమాల్ వాడవచ్చు. వాయువు పోతుందని ఆముదం తాగడం కూడా ప్రమాదమే. అది కాన్పు నొప్పులు తెప్పించవచ్చు.

ఐరన్ బిళ్ళలతో మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడల్లా నడుం నొప్పి పెరుగుతుంటే బిళ్ళలు మానకూడదు. నీళ్ళు, ఆకుకూరలు, రాగులు, పళ్ళు ఎక్కువ తీసుకోవాలి. కింద కూర్చునే మరుగుదొడ్డిలో గోడకు పట్టుకునే కమ్మీ బిగించుకుంటే లేవడం తేలికవుతుంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది

నొప్పి మొదలైన వారం, ఏ పక్క, ఎక్కడిదాకా పాకుతోంది, ఏ పనితో పెరుగుతోంది అన్న వివరాలు ఆశా కార్యకర్తకు చెప్పాలి. పరీక్షలకు వెళ్ళినప్పుడు గర్భిణులకు ఇచ్చే తాయి కార్డు వెంట ఉండాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. నడుం నొప్పి గురించి అడగడానికి అది తగిన రోజు. అవసరమైతే తాలూకా ఆస్పత్రి నుంచి చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రికి పంపించమని, ఫిజియోథెరపిస్టుకు చూపించమని కోరవచ్చు. నరం మీద ఒత్తిడి ఉందని అనుమానం వస్తే ఎక్స్‌రేకి బదులు ఎంఆర్‌ఐ తీయిస్తారు. రంగు మందు ఎక్కించకుండా తీసే ఎంఆర్‌ఐ గర్భంలో సురక్షితమే. 2017లో మొదలైన మాతృపూర్ణ పథకం భోజనానికి అంగన్‌వాడీకి వెళ్ళేవారు నేల మీద కూర్చోలేకపోతే కుర్చీ అడగడానికి మొహమాటపడకూడదు.

కాన్పు, ఆ తర్వాత

సయాటికా ఉన్నంత మాత్రాన సిజేరియన్ అవసరం లేదు. కాన్పు గదిలోకి వెళ్ళేటప్పుడే నర్సుకు ఏ కాలికి నొప్పి ఉందో చెబితే, వెల్లకిలా కాకుండా పక్కకు పడుకోబెట్టి, కాళ్ళను మరీ వెడల్పుగా లాగకుండా చూస్తారు.

కాన్పు తర్వాత కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో చాలామందికి నొప్పి తగ్గిపోతుంది. అయితే బాలింతను రోజంతా మంచానికే కట్టిపడేయడం, నీళ్ళు తగ్గించడం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. డాక్టరు అనుమతించగానే ఇంట్లో కొద్ది కొద్దిగా నడవాలి. నడికట్టు కట్టుకునేవారు ఊపిరి ఆడేంత వదులుగా, తుంటి మీదుగా కట్టుకోవాలి. పాలిచ్చేటప్పుడు బిడ్డ మీదికి వంగకుండా, ఒడిలో దిండు పెట్టి బిడ్డనే రొమ్ము దాకా ఎత్తుకోవాలి. పాదాల కింద చిన్న పీట ఉంచాలి. మొదటి ఆరు వారాలు బిడ్డ కన్నా బరువైనది ఏదీ ఎత్తకూడదు. పాలిచ్చే తల్లికి వాడదగిన నొప్పి మందులు వేరు. వాటిని కూడా డాక్టరే చెప్పాలి. మూడు నెలలు దాటాక కూడా నొప్పి తగ్గకపోయినా, కాలిలో తిమ్మిరీ బలహీనతా మిగిలి ఉన్నా ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించాలి. తర్వాతి గర్భానికి ముందే వెన్ను, పొట్ట, పిరుదు కండరాలకు బలం చేకూరే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే నొప్పి మళ్ళీ తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది.